కొలత వేయని ఊరు: ఆన్ క్లీవ్స్ 'రేవెన్ బ్లాక్' నవలలో దోషారోపణ – ఒక దైవశాస్త్ర పరిశీలన

నేరపరిశోధక నవలను దైవశాస్త్ర పత్రికలో విమర్శకు తీసుకొనడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. మా తరంవారు ఈ సాహిత్యాన్ని దాచుకొని చదివినవారే. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, టెంపోరావు కథానాయకులు అద్దె పుస్తకాల అంగళ్ళనుండి మా సంచులలోకి వచ్చి, పాఠ్యపుస్తకాల మధ్య తలదాచుకొనేవారు. సంఘ పెద్దల కంట పడితే మందలింపు తప్పేది కాదు. హత్యలు, దొంగతనాలు చదివిన మనస్సుకు వాక్యం ఎట్లా ఎక్కుతుందని వారి ప్రశ్న. ఆదికాండము నాలుగవ అధ్యాయములోనే హత్య ఉన్నదని ఎదురు చెప్పే ధైర్యం అప్పుడు ఎవరికున్నది?

అయితే ఈ సాహిత్యానికీ క్రైస్తవ ఆలోచనకూ ఉన్న బంధుత్వం పాతది. చెస్టర్టన్ 1910లో ఫాదర్ బ్రౌన్ అనే గురువును పరిశోధకునిగా నిలబెట్టాడు. తానే ఆ నేరం చేయగలవాడినని ఒప్పుకొన్నందువల్లనే నేరస్థుని గుర్తుపట్టగలుగుతానని ఆ గురువు నమ్మకం. డొరొతీ సేయర్స్ ఒక చేత్తో డిటెక్టివ్ నవలలు, మరొక చేత్తో ప్రభువు జీవితంపై రేడియో నాటకాలు వ్రాసింది. కవి ఆడెన్ 1948లో వ్రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ నవలల మీది వ్యసనాన్ని పాపస్పృహతో ముడిపెట్టాడు. కథలో ఎవరో ఒకరు దోషిగా తేలగానే మిగిలినవారంతా నిర్దోషులై పోతారు, వారితోబాటు చదివేవాడు కూడ తన దోషం తొలగినట్లు ఊరట పొందుతాడని ఆయన భావం. ఈ మాట మా పరిశీలనకు పునాది. ఆ ఊరట నిజమైనదా? మేము తీసుకొన్న నవల ఆ ఊరటను ఎంతవరకు ఇస్తున్నది, ఎక్కడ ఇవ్వకుండా ఉండవలసినది?

ద్వీపం మీద నేరం అనగానే చాలామందికి అగాథా క్రిస్టీ 1939లో ప్రచురించిన నవల జ్ఞాపకం వస్తుంది. పదిమందిని ఒక దీవికి పిలిపించి ఒక్కొక్కరినే హతమార్చే కథ అది. 1965లో వచ్చిన హిందీ చిత్రం 'గుమ్‌నామ్' దాని ఛాయలో తీసినదే గనుక, పుస్తకం చదవనివారికి కూడ కథ తెలుసును. కాని క్రిస్టీ దీవిలో ఊరు లేదు. అక్కడికి వచ్చినవారందరూ అతిథులు. ఎవరి తాతముత్తాతల సమాధులూ అక్కడ లేవు. ఆన్ క్లీవ్స్ 2006లో ప్రచురించిన 'రేవెన్ బ్లాక్' అట్లాంటిది కాదు. అది స్కాట్లండుకు ఉత్తరాన సముద్రంలో ఉన్న షెట్లాండ్ దీవులలో ఒక నిజమైన ఊరి కథ. అక్కడ ఒకరి సంగతి మరొకరికి తెలుసు, ఒకరి తప్పు మరొకరికి గుర్తు ఉంటుంది. ఆ ఏడాదే బ్రిటనులోని నేరసాహిత్య రచయితల సంఘం దానిని ఉత్తమ నవలగా ఎంచి డంకన్ లారీ డాగర్ బహుమతి ఇచ్చింది. రచయిత్రి యౌవనంలో ఆ దీవులలో మారుమూలదైన ఫెయిర్ ఐల్‌లో పక్షుల పరిశీలనా కేంద్రంలో వంటమనిషిగా పనిచేసింది. ఒక చిన్న ఊరిని వంటింటి తలుపునుండి చూసినవారికి తెలిసే సంగతులు ఈ నవలలో కనబడతాయి.

కథను ఇక్కడ పూర్తిగా చెప్పక తప్పదు. హంతకులెవరో ముందే తెలియడం ఇష్టం లేనివారు ఈ వ్యాసాన్ని పక్కనపెట్టి నవల చదివి రావచ్చును. మాకు అభ్యంతరం లేదు.

రేవెన్స్‌విక్ అనే ఊరి పైగట్టున, హిల్‌హెడ్ అనే ఇంటిలో, మాగ్నస్ టెయిట్ అనే వృద్ధుడు ఒంటరిగా ఉంటాడు. మాట తడబడే మనిషి. బుద్ధి మందమని ఊరు తేల్చి పెట్టింది. నూతన సంవత్సరపు రాత్రి ఎవరైనా తలుపు తట్టుతారేమోనని, వస్తే చెప్పవలసిన శుభాకాంక్షలను తనలో తాను వల్లించుకొంటూ కూర్చుంటాడు. ఏళ్ళ తరబడి ఎవరూ రాలేదు. ఆ రాత్రి మాత్రం ఇద్దరు బడిపిల్లలు వస్తారు: ఊరి ఉపాధ్యాయురాలి కూతురు శాలీ హెన్రీ, ఇంగ్లండునుండి తండ్రితో వచ్చి స్థిరపడిన కేథరిన్ రాస్. కొన్ని రోజులకే కేథరిన్ శవం మంచులో కనబడుతుంది. తన మెడగుడ్డతోనే ఎవరో ఆమెను బిగించి చంపారు. చుట్టూ బొంతకాకులు. ఊరంతా ఒక్కసారిగా గట్టుమీది ఇంటివైపు చూస్తుంది. ఎందుకంటే ఎనిమిదేళ్ళ కిందట కట్రియోనా బ్రూస్ అనే చిన్నపిల్ల కనబడకుండా పోయినప్పుడు కూడ ఊరు ఆ ఇంటివైపే చూసింది. అప్పుడు రుజువు దొరకలేదు. రుజువు దొరకకపోవడం వేరు, అనుమానం పోవడం వేరు.

బొంతకాకి గురించి ఒక్క మాట. నవల పేరులో ఉన్న ఆ పక్షికి మన తెలుగులో మరొక పేరు మాలకాకి. ఊరి వెలుపల నిలబెట్టిన మనుష్యుల పేరును కారునలుపు పక్షికి తగిలించిన భాష మనది. నిఘంటువులు కూడ దానిని ఏ సంకోచమూ లేకుండా ఎక్కించుకొన్నాయి. మన తెలుగు బైబిలులో అది కాకోలము. కెరీతు వాగు దగ్గర ఏలీయాకు రొట్టెయు మాంసమును తెచ్చి పెట్టినవి ఆ పక్షులే (1 రాజులు 17). మాగ్నస్ ఇంటిలో ఒక బొంతకాకి పంజరంలో ఉంటుంది. దెబ్బతగిలిన దానిని తెచ్చి పెంచుకొంటున్నాడు. ఊరికి అది అపశకునం. అతనికి అది ఇంటిలో ఉన్న రెండవ ప్రాణం. రచయిత్రి ఈ పోలికను నొక్కి చెప్పదు, చెప్పకపోవడమే మంచిదైనది.

మెలితే దీవివారి తీర్పు

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో ఓడ పగిలి పౌలు మెలితే దీవికి చేరతాడు. దీవివారు చలిమంట వేసి ఆదరిస్తారు. పుల్లలలోనుండి ఒక సర్పం వచ్చి అతని చేతిని పట్టగానే, వీడు నరహంతకుడై ఉండాలి, సముద్రం వదలినా న్యాయం వదలలేదని తమలో తాము చెప్పుకొంటారు. కాసేపటికి అతడు పడిపోకపోయేసరికి, ఇతడు దేవుడు అంటారు. ఈ భాగంమీద మేము విన్న ప్రసంగాలలో ఎక్కువ భాగం సర్పాన్ని విదిలించుకొనడం గురించే. దీవివారి నోట వచ్చిన మొదటి తీర్పును ఎవరూ పట్టించుకోరు. గమనించవలసినదేమంటే, వారు దుర్మార్గులు కారు. వర్షంలో తడిసినవారికి నిప్పు పెట్టిన మంచివారు. ఆ మంచితనంతోనే, ఒక ఆపదను చూసి ఒక హత్యను ఊహించి ఒక హంతకుని తేల్చారు. శవం లేదు, సాక్షి లేడు. పాము ఉన్నది, పరదేశి ఉన్నాడు, అంతే చాలింది.

రేవెన్స్‌విక్ వారూ మంచివారే. క్లీవ్స్ వారిని రాక్షసులుగా చిత్రించలేదు. పిల్లలను బడికి పంపేవారు, మంచులో కారు చిక్కుకొంటే దిగి తోసేవారు. ఆ దీవుల ముఖ్యపట్టణమైన లెర్విక్‌లో జనవరి నెల చివరి మంగళవారం జరిగే అగ్ని ఉత్సవానికి ఏడాది పొడుగునా సిద్ధపడేవారు. ఆ ఉత్సవంలో దివిటీలతో ఊరేగి ఒక ఓడ నమూనాను తగలబెడతారు. నవల ఆ రాత్రివైపుగా నడుస్తుంది. అందరూ కలిసి ఒకదానిని కాల్చి సంతోషించే పండుగకూ, అందరూ కలిసి ఒకని మీద వ్రేలు చూపడానికీ ఉన్న పోలిక చదువరికి తట్టక మానదు.

ఇక్కడ రెనే జిరార్ పేరు రావడం సహజం. సమాజం తనలోని కలహాన్ని ఒక బలిపశువు మీద మోపి శాంతి తెచ్చుకొంటుందనీ, ఆ పశువును ఎన్నుకొనడానికి కొన్ని గుర్తులు ఉంటాయనీ, అంగవైకల్యం, ఒంటరితనం, పరాయితనం అట్లాంటివనీ ఆ ఫ్రెంచి ఆలోచనాపరుడు 1982లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. సువార్తలు బలియైనవాని నిర్దోషత్వాన్ని బయటపెట్టి ఆ యంత్రాంగాన్ని పనికిరాకుండా చేశాయని ఆయన వాదం. మాగ్నస్ టెయిట్‌కు ఆ గుర్తులన్నీ ఉన్నాయి. ఒక సెమినరీ విద్యార్థి చేత ఈ నవల చదివిస్తే, లేవీయకాండము 16లోని అరణ్యానికి విడిచే మేక, యోహాను 11లోని కయప మాట, యెషయా 53లోని మూగ గొఱ్ఱెపిల్ల, వీటిని కలిపి మాగ్నస్‌ను క్రీస్తు ఛాయగా తేల్చివేస్తాడు. మార్కులు కూడ బాగానే పడతాయి.

మాకు అది సమ్మతం కాదు. నవల అందుకు ఒప్పుకోదు.

ఎందుకంటే మాగ్నస్ పూర్తిగా నిర్దోషి కాడు. నవల చివరకు వచ్చేసరికి రెండు సంగతులు తేలతాయి. కేథరిన్‌ను చంపినది శాలీ. ఎనిమిదేళ్ళ కిందటి కట్రియోనాను చంపినది మాగ్నస్ తల్లి. ఆమె ఇప్పుడు లేదు. ఆ పసిదాని శవాన్ని కొండమీద పూడ్చిన విషయం మాగ్నస్‌కు తెలుసు. ఎవరికీ ఏమీ చెప్పవద్దని తల్లి పెట్టిన ఆన ప్రకారం ఎనిమిదేళ్ళు నోరు మూసుకొన్నాడు. ఆ పిల్ల తలకు కట్టిన రిబ్బన్లు అతని దగ్గరే ఉన్నాయి. అతని మౌనం వెనుక ప్రేమ ఉన్నది, తల్లిపట్ల విధేయత ఉన్నది. అదే మౌనం ఆ పిల్ల తలిదండ్రులకు సమాధి దగ్గర నిలబడే అవకాశం కూడ లేకుండా చేసింది. యెషయా చెప్పిన మౌనం ఇది కాదు. ఊరు అతని మీద పెట్టిన అనుమానంలో ఒక తునక నిజమే: ఆ పిల్ల సంగతి ఆ ఇంటికి తెలుసు.

ఈ నవల గొప్పతనం ఇక్కడే ఉన్నదని మేము అనుకొంటాము. బలిపశువు తెల్లని గొఱ్ఱెపిల్ల అయితే జాలిపడడం సులభం. నిందితుడు కొంత దోషి అయినప్పుడు కూడ ఊరు అతనికి చేసినది అన్యాయమేనా? అవునని ఈ కథ చెబుతుంది. మన సంఘాలలో ఒకరిమీద నింద వచ్చినప్పుడు, అతడు ఏ తప్పూ చేయలేదని రుజువైతేనే అతని పక్షాన నిలబడతాము. గతంలో ఒక చిన్న మచ్చ కనబడితే చాలు, మన చేతులు వెనుకకు పోతాయి. నిర్దోషియైన బలిపశువును మాత్రమే కాపాడే దైవశాస్త్రం పాపులున్న లోకంలో ఎందరిని కాపాడగలదు?

నాక్స్ మొదటి నియమం

పరిశోధన చేసే జిమ్మీ పెరెజ్ ఫెయిర్ ఐల్‌లో పుట్టినవాడు. 1588లో స్పెయిను నౌకాదళపు ఓడ ఒకటి ఆ దీవి దగ్గర మునిగినప్పుడు బ్రతికి బయటపడిన ఒకని వంశం తమదని ఆ ఇంటివారు చెప్పుకొంటారు. అందుచేత అతడు ఆ దీవులవాడే, నల్లని జుట్టు, స్పెయిను పేరు వల్ల కొంచెం పరాయివాడు కూడ. పెద్దభూమినుండి వచ్చిన అధికారి తొందరపడుతున్నప్పుడు ఇతడు కూర్చుని వింటాడు. ఈ పాత్ర మీద చాలామంది మెచ్చుకోలు చదివాము. మాకు ఇతడు మంచి కాపరిలాగానే కనబడ్డాడు. అయినా ఈ నవలలో మమ్మును నిలిపివేసిన సంగతి పెరెజ్ కాడు, శాలీ.

రొనాల్డ్ నాక్స్ అనే గురువు, లాటిను వుల్గేటును ఆంగ్లంలోకి తర్జుమా చేసిన పండితుడు, 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. ఆజ్ఞలు పది గనుక ఇవీ పది కావాలనే చమత్కారం అందులో ఉన్నది. మొదటి నియమం ప్రకారం, నేరస్థుడు కథ మొదటి భాగంలోనే కనబడాలి. కాని అతని మనస్సులోని ఆలోచనలను పాఠకునికి చూపిస్తూ వచ్చి ఉండకూడదు. క్లీవ్స్ ఈ నియమాన్ని బుద్ధిపూర్వకంగా మీరింది. నవల నలుగురి కళ్ళలోనుండి సాగుతుంది: మాగ్నస్, శవాన్ని చూసిన చిత్రకారిణి ఫ్రాన్ హంటర్, పెరెజ్, శాలీ. అంటే అధ్యాయాల తరబడి మనం హంతకురాలి మనస్సులో కూర్చుని ఉన్నాము. ఆమె తన రూపం గురించి దిగులుపడడం, ప్రేమించిన యువకుని కోసం ఎదురుచూడడం, టీచరు కూతురని బడిలో తోటిపిల్లలు పెట్టే బాధను దిగమ్రింగడం, ఇవన్నీ పక్కనుండి చూశాము. ఆమెను అనుమానించలేదు. ఆమె మనవంటిదే గనుక.

ఇది మోసమని కొందరు అనవచ్చును. సాంకేతికంగా చూస్తే కొంత మోసమే; చేసిన పనిని మనస్సు ఒక్కసారి కూడ తలచుకోకుండా అధ్యాయం గడిపివేయడం నమ్మశక్యంగా లేని చోట్లు ఒకటి రెండు ఉన్నాయి. అయినా యిర్మీయా 17వ అధ్యాయం హృదయం గురించి చెప్పినదానిని నమ్మేవారికి ఇందులో ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. తన హృదయంలోనే నివసిస్తూ తాను చేసినదానివైపు చూడకుండా రోజులు గడపగల మనిషిని మేము సంఘ పరిచర్యలో చూడలేదా? ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర తమ్మును తాము పరీక్షించుకొనుమని చదివిన ప్రతిసారీ, ఆ పరీక్ష నుండి తప్పుకొనే దారులు మనస్సుకు ఎన్ని తెలుసునో కూడ గుర్తుకు వస్తుంది. చెస్టర్టన్ గురువు హంతకుని తనలో వెదకి పట్టుకొన్నాడు. ఇక్కడ హంతకురాలు పాఠకుని చంకలోనే ఉండి, పాఠకుడు గట్టుమీదికి చూస్తూ ఉన్నాడు.

ఇంతవరకు నవలతో మాకు పేచీ లేదు. పేచీ చివరి భాగంతో.

పెయ్య మెడ, పెద్దల చేతులు

శాలీ ఎందుకు చంపింది? కేథరిన్ ఒక చిత్రం తీస్తున్నది. ఆ దీవివారు మాట్లాడుకొనే మాటలను, వారి దాగిన ముఖాలను పట్టుకోవాలని దాని ఉద్దేశం. ఆ చిత్రంలో శాలీ నవ్వులపాలు కాబోయింది. అవమానం, అసూయ, ఒక క్షణం. కారణం దొరికింది, దోషి దొరికింది, పుస్తకం మూతపడుతుంది. ఆడెన్ చెప్పిన ఊరట మనకు దొరుకుతుంది. మాగ్నస్ మీదినుండి వ్రేళ్ళు దిగి శాలీ మీదికి మళ్ళాయి. అంతకుమించి ఊరిలో మారినదేమిటి? శాలీని బడిలో ఏడిపించినవారు ఎవరు? ఆమె తల్లి చూసీ చూడనట్లున్నది ఎందుకు? ఎనిమిదేళ్ళు మాగ్నస్ తలుపు తట్టనివారు ఇప్పుడు తట్టుతారా? నవల ఈ ప్రశ్నల గుమ్మందాకా వచ్చి ఆగిపోతుంది. ఒక బలిపశువును విడిపించి, నిజమైన నేరస్థురాలిని ఆ స్థానంలో నిలిపి, ఊరిని ఇంటికి పంపివేస్తుంది. నేరపరిశోధక నవలకు ఇది పుట్టుకతో వచ్చిన హద్దు కావచ్చును: దానికి ఒక పేరు కావాలి.

ద్వితీయోపదేశకాండము 21లో ఇందుకు సరిగ్గా ఎదురైన ఒక విధి ఉన్నది. పొలంలో ఒక శవం దొరికింది, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును వచ్చి శవంనుండి చుట్టూ ఉన్న ఊళ్ళకు దూరం కొలవాలి. ఏ ఊరు దగ్గరో ఆ ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను, దున్నని విత్తని ఏటి లోయలోకి తోలుకొనిపోయి దాని మెడ విరుగగొట్టాలి. దాని మీద చేతులు కడుగుకొని, మా చేతులు ఈ రక్తం చిందించలేదు, మా కన్నులు చూడలేదని చెప్పి, ప్రజలందరి కొరకు ప్రాయశ్చిత్తం వేడుకోవాలి. మన పల్లెలలో గొలుసు పట్టి పొలం కొలిచే దృశ్యం తెలిసినవారికి ఈ కొలత కళ్ళకు కట్టినట్లు ఉంటుంది. ఇక్కడ ప్రశ్న 'ఎవడు చంపాడు' అన్నది కాదు. 'ఏ ఊరు దగ్గర' అన్నది. హంతకుడు దొరకలేదని ఊరు తప్పించుకొనడానికి వీలులేదు. ఒంటరివానిని ఒకనిని పట్టి అప్పగించి తప్పించుకొనడానికీ వీలులేదు; అనుమానితుని తెమ్మని ఈ విధిలో ఎక్కడా లేదు.

పిలాతు కూడ చేతులు కడుగుకొన్నాడు. కాని అతడు కొలవలేదు. జనం నడుమ ఒక నిర్దోషిని అప్పగించి కడుగుకొన్నాడు. ఈ పెద్దలు తమ ఊరి పేరు కొలతలో తేలిన తరువాత, వాగు దగ్గర నిలబడి కడుగుకొంటారు.

యూదుల మిష్నాలో సోతా అనే భాగం ఈ విధి మీద ఒక సందేహం లేవదీస్తుంది. పెద్దలే చంపి ఉంటారని ఎవరైనా అనుకొంటారా, వారు ఎందుకు ప్రమాణం చేయాలి? దానికి రబ్బీలు చెప్పిన జవాబు అపూర్వమైనది. ఆ మాటకు అర్థం, ఈ మనిషి మా దగ్గరికి వచ్చినప్పుడు మేము అన్నం పెట్టకుండా పంపలేదు, తోడు లేకుండా దారిన వదలలేదు అని. హత్యకు ఊరి బాధ్యత ఎంత అని అడిగితే, కత్తి దగ్గర మొదలు పెట్టలేదు వారు. అన్నం దగ్గర, దారి దగ్గర మొదలు పెట్టారు.

ఈ కొలతను షెట్లాండ్ దగ్గరే ఆపడం మాకు సాధ్యం కాదు. మేము ఉన్న మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం ప్రాంతాలకు సముద్రం కనబడదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఈ మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అటు కర్నూలునుండి విడివడి వచ్చి, ఒంగోలుకు ఎప్పుడూ దూరపు చుట్టంగానే మిగిలాయి. కాని దీవికి నీళ్ళే ఉండనక్కరలేదు. నల్లమలలోని చెంచు గూడెం ఒక దీవి. ఊరికీ పేటకూ మధ్య ఉన్న నాలుగు బారల ఖాళీ స్థలం ఒక సముద్రం. పేట లోపల మళ్ళీ, వాగు అవతల ఒంటిగా ఉన్న గుడిసె ఇంకొక దీవి. అట్లాంటి ఒక గుడిసెలోని వృద్ధుని మేము ఎరుగుదుము. ఒక ఇంటిలో జ్వరంతో బిడ్డ పోతే, అతడు చేతబడి చేశాడన్నారు. చెప్పినవారు అన్యులు కారు, ఆదివారం ఆరాధనకు వచ్చేవారే. ఎవరూ అతని మీద చేయి చేసుకోలేదు. అతడు తాకిన బిందె నీళ్ళు పారబోశారు, అంతే. కొన్ని నెలలకు అతడు ఆరాధనకు రావడం మానివేశాడు. హాజరు పుస్తకంలో ఒక పేరు తగ్గింది.

మన మిషన్ చరిత్రలో కూడ కొలవవలసిన దూరాలు ఉన్నాయి. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడ విస్తరించినప్పుడు, ఎరుకలవంటి కులాలలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అనుమానితుడయ్యాడు. వారిని ఉంచిన సెటిల్‌మెంట్లు నడపడానికి ప్రభుత్వం మిషన్లను పిలిచింది. స్టువార్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ, కావలిని అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపాయి. అక్కడ బడులు పెట్టారు, పనులు నేర్పారు, వైద్యం చేశారు; ఆ సేవను చిన్నచూపు చూడడం మా ఉద్దేశం కాదు. అయినా రాత్రిపూట హాజరు పిలిచిన పుస్తకమూ, సంఘపు సభ్యత్వ పుస్తకమూ ఒకే బల్లమీద ఉన్న కాలం అది. 1952లో ఆ చట్టం రద్దయినది. ఎక్కడ దొంగతనం జరిగినా ముందుగా ఆ పేటవైపు చూసే చూపు దానితో రద్దు కాలేదు. గట్టుమీది ఇంటివైపు చూసిన రేవెన్స్‌విక్ చూపు మాకు పరాయిదిగా తోచకపోవడానికి ఇదే కారణం.

ఇప్పుడు రబ్బీల కొలతను తిరిగి నవలమీద పెట్టి చూడవచ్చును. రచయిత్రి ఈ మిష్నా భాగాన్ని తలచుకొని వ్రాసిందని మేము అనడం లేదు. నవల తన ముగింపులో మరచిపోయినదానిని తన మొదటి అధ్యాయంలోనే భద్రంగా దాచి ఉంచిందని మాత్రం అంటాము. కేథరిన్ ఆ ఊరికి పరదేశి. తల్లిని పోగొట్టుకొన్న పిల్ల. తండ్రి దుఃఖంలో మునిగి ఉన్నాడు. స్నేహితురాలు చివరకు హంతకురాలయింది. ఆమెను ఎవరు లోపలికి పిలిచారు, ఎవరు ఇంత పెట్టారు అని వెదికితే, నూతన సంవత్సరపు రాత్రి మంచులోనుండి వచ్చి తలుపు తట్టినప్పుడు వణికే గొంతుతో శుభాకాంక్షలు చెప్పి, ఇంటిలో అతిథుల కోసం ఏళ్ళుగా సిద్ధంగా ఉంచుకొన్నది తీసి ముందు పెట్టిన మనిషి ఆ ఊరిలో ఒక్కడు కనబడతాడు. శవం కనబడిన తరువాత పోలీసులు వెళ్ళినది ఆ ఇంటికే.